పిల్లగాలికి వెనక దారి

కోవిల్‌పట్టిలో వడియాలు పెట్టే ఆడవాళ్ళకి లోటు లేదు. ఎండకి అసలే లోటు లేదు. అయినా పొద్దున్న ఆరింటికి మేడ మీద పంచె పరిచి పెట్టిన వడియాలు ఏడున్నరకల్లా గలగలమంటూ డబ్బాలోకి ఎక్కేది ఒక్క కర్పగం ఇంట్లోనే. ఐప్పసి నెల ముసురులో ఊరంతా తడిసిన కోడిలా ముడుచుకుని కూర్చుంటే, సాత్తూరు కొట్లవాళ్ళు వెతుక్కుని మరీ ఆమెకే ఫోను చేసేవాళ్ళు. ఇందులో ఆమె చేతి మహిమ ఏమీ లేదు. గంజి కాచడంలో ఆమె కూడా అందరిలాంటిదే, ఒక్కోసారి జీలకర్ర వేయడం మరిచిపోతుంది కూడా. వడియాలు ఆరబెట్టేది ఆమె పిల్లగాలి.

ఆ గాలి ఆమెతోపాటే విళాత్తికుళం పక్క పల్లె నుంచి కాపురానికి వచ్చింది. నల్లరేగడి చేలలో పుట్టిన గాలి. ఊరి చుట్టూ గాలిమరలు నాటాక పెద్ద గాలులన్నీ వాటి కొలువులో చేరిపోయాయి. ఇదొక్కటి మాత్రం ఏ మరకీ చిక్కకుండా, మిరపచేలో కర్పగం పావడా అంచు పట్టుకుని తిరిగేది. పెళ్ళయి ఆమె బస్సెక్కిన రోజు అదీ ఎక్కింది. కండక్టరు ముందు గదమాయించాడు, తర్వాత పెళ్ళికూతురి ముఖం చూసి జాలిపడి, సామాను టికెట్టు ఒకటి చింపి ఇచ్చాడు. ఇరవై ఏళ్ళు దాటినా ఆ టికెట్టు కర్పగం పసుపు డబ్బా అడుగున ఇంకా ఉంది.

వీధిలో ఎవరికీ ఇదొక వింత కాదు. ఉలవలు తూర్పారబట్టాలన్నా, పసిబిడ్డకి చెమటకాయలు లేచినా, "కర్పగమక్కా, గాలిని రవ్వంత పంపు" అని గోడ మీదుగా అడిగేవాళ్ళు. అది వెళ్ళేది, పని చేసేది, వచ్చే దారిలో ఎవరి కొంగో లాగి తిట్లు తినేది. కర్పగం గిన్నెలు తోముతుంటే మెడ వెనక చేరి కూర్చునేది. ఆమెకి పిల్లలు లేరు. ఆ మాట ఎత్తి ఎవరైనా నిట్టూర్చబోతే, గాలి వాళ్ళ కంట్లో ఇంత దుమ్ము కొట్టేది.

మొగుడు సుబ్రమణియన్ ఆమెకి మేనమామ, తల్లికి చివరి తమ్ముడు. అందుకే అత్తగారు సుబ్బులక్ష్మిని ఆమె ఈనాటికీ అవ్వా అనే పిలుస్తుంది, మొగుణ్ణి మామా అంటుంది. చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకుని చేను చుట్టూ తిప్పినవాడే పెరిగాక తాళి కట్టాడు. ఆయన్ని నమ్మాలా వద్దా అని కూర్చుని ఆలోచించే అవసరం కర్పగానికి ఎన్నడూ రాలేదు.

సుబ్రమణియన్‌ది అగ్గిపెట్టెల కార్ఖానాల యంత్రాలు బాగుచేసే పని. పెరట్లో రేకుల షెడ్డు, అందులో లేత్ మిషను. ఆ మిషను పక్కన ఏడేళ్ళుగా ఆయన ఒక విమానం కడుతున్నాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని వీధి కొన్నాళ్ళు నవ్వి, తర్వాత నవ్వడానికి కూడా విసుగొచ్చి ఊరుకుంది. పసుప్పచ్చ రంగు విమానం, రెండే సీట్లు. నక్షా తెప్పించిందీ, అనుమతి కాగితాలు చూసుకున్నదీ, నడపడం నేర్చుకుని వచ్చిందీ ఆయన బడి స్నేహితుడు, విరుదునగర్ ఆనంద్‌కుమార్. చేతులు కాల్చుకున్నది సుబ్రమణియన్. నడిపేది ఆనంద్‌కుమారైతే పక్క సీటు ఎవరిది? కర్పగానిది. మొదటి రేకు కోసిన రోజునే సుబ్రమణియన్ మాట ఇచ్చాడు.

"మొదటి సవారి నీదే పిల్లా. మీ మిరపచేను మీద ఒక చుట్టు చుట్టి వద్దువు. నేను రెండోతూరి ఎక్కుతా. నీ గాలి పుట్టిన చోటు పైనుంచి ఎట్టుంటాదో నువ్వేదా ముందు చూడాల."

ఆ మాటని కర్పగం ఏడేళ్ళు దాచుకుంది. రేకుకి గీతలు పడకుండా పట్టుకున్నప్పుడూ, రెక్కలకి గుడ్డ సాగదీసి అతికించినప్పుడూ, ఆ సీటుకి మెత్త కుట్టినప్పుడూ మనసులో తన చేను పైనుంచి కనిపించేది.

అన్నీ కుదిరాయి గానీ ఇంజన్ ఆయిల్ చల్లబడలేదు.

ఇంజన్ ముందుమూతకి ఎడమ బుగ్గ మీద అరచేతి వెడల్పు సందు ఒకటి ఉంది. ఎదురుగాలి ఆ సందులో దూరి, లోపలున్న ఆయిల్ కూలర్ రెక్కల మధ్య నుంచి పోయి, కింద వెనకవైపు బయటపడాలి. అలా పోతేనే కూలర్‌లో తిరిగే ఆయిల్ చల్లబడేది. విమానాన్ని షెడ్డు ముందు గుంజకి కట్టేసి ఇంజన్ తిప్పితే, పదినిమిషాలకల్లా వేడి చూపే ముల్లు నూట పద్దెనిమిది డిగ్రీలు దాటి ఎర్రగీత మీద కూర్చునేది. నేల మీద ఉంటే ఇంజన్ ఆపేయొచ్చు. గాల్లో ఉండగా అలా అయితే ఆయిల్ నీళ్ళలా పలచబడి, ఇంజన్ పట్టేసి, ఇద్దరు మనుషులు రాళ్ళలా కిందికి వస్తారు.

సుబ్రమణియన్ సందుని వెడల్పు చేశాడు. ముల్లు రెండు డిగ్రీలు దిగింది. ఇంకా వెడల్పు చేశాడు. ఈసారి ఆ రెండూ తిరిగి ఎక్కాయి. సందు నుంచి కూలర్ దాకా ఫైబర్ గొట్టం కట్టి, ఓరల్లో రబ్బరు కూరాడు. నెల రోజులు షెడ్డులో తిట్లూ సుత్తి దెబ్బలూ తప్ప ఇంకేమీ వినపడలేదు.

"తా దూర కంత లేదు, మెడకో డోలు" అంది సుబ్బులక్ష్మి తమలపాకుకి సున్నం రాస్తూ. ఆమె కొడుకుని వెక్కిరించడానికి అన్న మాట అది. నిజానికి విమానం రోగం కూడా అదేనని ఆమెకి తెలియదు.

తెలుసుకుంది కర్పగం. పక్కింటి మారిసెల్వి నూలుమిల్లు నుంచి తెచ్చే వేస్టు దారాన్ని ఆమె జానెడేసి ముక్కలు చేసి, ఒక్కో ముక్కకి ఒక కొస మాత్రం టేపు వేసి సందు పెదవి చుట్టూ, గొట్టం లోపల, వెనక గాలి బయటపడే చోటా అతికించింది. తర్వాత పిల్లగాలిని ఒకసారి అటు పోయి రమ్మంది. సందు దగ్గర దారాలు లోపలికి వంగి, మరుక్షణమే తిరగబడి బయటికి వచ్చాయి. గొట్టంలో దారాలు ఒకదానికొకటి చిక్కుపడ్డాయి. వెనక దారం మాత్రం చచ్చిన తోకలా వేలాడుతూ ఉండిపోయింది.

"మామా, లోపలికి పోయిన గాలి వచ్చిన దారినే తిరిగొస్తాండాది" అంది. "ముందర ఎంత తెరిస్తే ఏమి? వెనక పోయే దారి లేదే. వెనక తెరువు. ఈ పెదవి కూడా ఇట్ట కత్తిలా ఉంటే గాలి బెదురుతాది, చాట అంచులా గుండ్రంగా చెయ్యి."

పెదవిని ఆయన గుండ్రం చేశాడు, నాలుగు డిగ్రీలు దిగింది. వెనక దారి మాత్రం తెరవలేదు. నక్షాలో అది నాలుగు వేళ్ళ వెడల్పు. ఆయన పెట్టింది రెండు వేళ్ళు. ఎందుకు తగ్గించాడంటే ఆయనకే తెలియదు. ఆ ఇంట్లో రోజూ సాయంత్రం ఆరింటికి సుబ్బులక్ష్మి దీపం ముట్టిస్తూ, "వెనక తలుపు ముయ్యండే! ముందర వచ్చిన లక్ష్మి వెనక పోతాది!" అని కేక వేసేది. యాభై ఏళ్ళుగా ఆ కేక విని లేచి తలుపు మూసిన చెయ్యి అది. ఏ వెనక దారిని చూసినా సగం మూస్తే గానీ దానికి తోచదు.

"వచ్చినదాన్ని పోనిస్తే ఎట్టా పిల్లా? లోపల నిలిస్తేదా చల్లబడేది" అన్నాడు.

ఆ వారంలోనే వడియాల డబ్బా మూత ఒకటి కనపడకుండా పోయింది. పుట్టింటి సామాను అది, అంచున మేకుతో చుక్కలు కొట్టి కర్పగం పేరు వేయించారు. ఇల్లంతా వెతికి మొగుణ్ణి అడిగింది.

"కాకి ఎత్తకపోయుంటాది" అన్నాడాయన తల ఎత్తకుండా.

"చాటంత మూతనా?"

"ఈ కాలం కాకులు పిల్లా, దేన్ని వదుల్తాయి?"

ఆమె నవ్వి ఊరుకుంది. తర్వాత్తర్వాత ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకి తన చెంప తానే వాయించుకోవాలనిపించేది.

మూడు రోజుల తర్వాత మంగళవారం నాడు సుబ్రమణియన్ కాఫీ గ్లాసు పట్టుకుని వంటింటి గడప దగ్గర కూర్చున్నాడు. ఆయన వంటింటి గడప దగ్గర కూర్చున్నాడంటే ఏదో అడగబోతున్నాడని అర్థం.

"నీ పిల్లగాలి ఉండాదే, అది తనంతట తాను లోపల తిరిగితే కూలర్ చల్లబడతాది కదా?"

"దానికి చీకటి బొక్కలు పడవు మామా."

"నువ్వు చెప్పితే పోతాది. ఒక్క పరీక్ష. ముల్లు దిగితే ఈ నెల్లోనే ఎగరొచ్చు. నీ సీటు, నీ చేను, అంతా నీదేదా."

గాలి అప్పటికే విషయం పసిగట్టి కర్పగం జడలో దూరింది. ఆమె షెడ్డులోకి వెళ్ళి, సందు ముందు కూర్చుని, బిడ్డని బడికి పంపే తల్లిలా బతిమాలింది. "పో తల్లీ. మన చేను చూపిస్తారంట. రవ్వంత సేపేదా, మళ్ళీ నేనే పిలుస్తా." అది చాలాసేపు ఆమె చెవి దగ్గరే తచ్చాడింది. చివరికి వెళ్ళింది. ఆమె అడిగింది కాబట్టి వెళ్ళింది, ఇంకెవరు అడిగినా వెళ్ళేది కాదు.

ఇంజన్ నలభై నిమిషాలు తిరిగింది. ముల్లు తొంభై రెండు దగ్గర నిలబడిపోయింది. సుబ్రమణియన్ గంతులేసి, పెరట్లోకి పరుగెత్తి, తల్లి బుగ్గలు పట్టుకుని ముద్దులు పెట్టాడు. కర్పగం గాలిని పిలవబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"రేపు ఇంకో పరీక్ష ఉండాది. ఈ ఒక్క దినం లోపలే ఉండనీ. నువ్వుండమంటే ఉంటాది."

ఆమె సందులోకి వంగి, "రేపు పొద్దుగూకేలోపల వస్తా, ఉండు" అంది. లోపల నుంచి చిన్నగా ఒక ఊపిరి ఆమె ముఖానికి తగిలింది.

మర్నాడు ఆమె సాత్తూరు కొట్లకి వడియాలు ఇచ్చి, నాలుగు గంటలకి ఇంటికి వచ్చేసరికి షెడ్డు ఖాళీగా ఉంది. గుంజకి కట్టిన తాడు ఉంది. నేల మీద ఆయిల్ చుక్కలున్నాయి. లారీ టైర్ల జాడ గేటు దాటి రోడ్డెక్కింది.

"నువ్వు బస్సెక్కిన అర్ధగంటకి లారీ వచ్చె" అంది సుబ్బులక్ష్మి. "రెక్కలు విప్పి ఎక్కించుకుని విరుదునగర్ పోయిరి. నీకు తెలుసునని అనుకుంటిని."

"నాకు చెప్పలే అవ్వా."

ముసలామె ఆకు నమలడం ఆపింది.

మొగుడికి పదిసార్లు చేసినా ఫోను ఎత్తలేదు. పదకొండోసారి ఆనంద్‌కుమార్ ఎత్తాడు.

"రేపు మంచి దినం వదినె, రేపే ఎగరతాం. సుబ్బు చెప్పలేదా?"

"నా గాలి?"

"బండిలోనే భద్రంగా ఉండాది వదినె. ఎవరి ఇంటి గాలైతే ఏమి, పని జరిగితే సరి" అన్నాడు.

మర్నాడు పొద్దున్న మేడ మీద పంచె పరవలేదు. కర్పగం మొదటి బస్సెక్కింది.

విరుదునగర్ దాటాక అరుప్పుక్కోట్టై రోడ్డులో ఆనంద్‌కుమార్ పత్తి గోదాము ఉంది. దాని వెనక పొడుగాటి బీడుని రోలరుతో తొక్కించి దారి చేశారు. రెక్కలు తగిలించుకుని పసుప్పచ్చ విమానం అక్కడ నిలబడి ఉంది. ముక్కుకి కుంకుమ, మెడకి బంతిపూల దండ, చక్రాల కింద నిమ్మకాయలు. పక్కన పగిలిన గుమ్మడికాయ. అంతా పెళ్ళివారి ఇంటిలా ఉంది. పక్క సీట్లో, కర్పగం కుట్టిన మెత్త మీద, కొత్త ప్యాంటూ నల్లకళ్ళద్దాలూ వేసుకుని సుబ్రమణియన్ కూర్చుని ఉన్నాడు.

ఆమెని చూసి ఆయన ముఖం తెల్లబోయింది. మరుక్షణం ఎక్కడలేని నవ్వూ తెచ్చుకుని దిగివచ్చాడు.

"బాగా వస్తివి పిల్లా! నిన్ను తీసుకురమ్మని కారు పంపాలనుకుంటాంటిమి."

"ఆ సీటు నాది మామా."

"నీదే, నీదేదా. మొదటితూరి ఏమవుతాదో ఏమో, ఆడదాన్ని ఎక్కించి..." మాట పూర్తి చేయకుండా చెమట తుడుచుకున్నాడు. "అది పోనీ. గాలి ఎందుకో మొరాయిస్తాండాది. పొద్దున్న ఇంజన్ తిప్పితే ముల్లు నూట పది ఎక్కె. నువ్వు ఒక్క మాట చెప్పు దానికి. నీ మాట వింటాది."

చెప్పకుండా తీసుకొచ్చినందుకు ఒక్క మాట లేదు, సీటెక్కినందుకు ఒక్క మాట లేదు. మళ్ళీ అడగడమే. కర్పగానికి ఒళ్ళంతా మండింది. అయినా గాలి ఎలా ఉందో చూడాలని విమానం దగ్గరికి వెళ్ళి, సందులో చెయ్యి పెట్టింది. లోపల జ్వరం వచ్చిన బిడ్డ నుదురులా ఉంది. కదలిక లేదు. వంగి వెనకవైపు చూసింది. గాలి బయటపడే రెండు వేళ్ళ సందు కూడా లేదు. దాని మీద పసుప్పచ్చ రంగేసిన రేకు ఒకటి, ఆరు మరలతో బిగించి ఉంది.

కొలత తీసి కోసిన రేకు. అంచులు ఆకురాయితో రాసి నునుపు చేసి ఉన్నాయి. రంగు బాగా ఆరి గట్టిపడింది. ఇది నిన్నటి పని కాదు. ఆమె వేళ్ళతో తడిమింది. రంగు కింద చుక్కలు తగిలాయి. మేకుతో కొట్టిన చుక్కలు. ఒకటి, రెండు, అలా వరసగా పోతే అది ఆమె పేరు.

కాకి ఎత్తుకుపోయిన మూత.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనాయని పెద్దవాళ్ళు అంటారు. కర్పగానికి ఏడుపు కంటే ముందు సిగ్గు ముంచుకొచ్చింది. వంటింటి గడప దగ్గర కూర్చుని ఒక్క పరీక్ష అన్నప్పటికే ఈ రేకు కోసి, రంగేసి, ఎండబెట్టి ఉంది. తన సీటు మాట, చేను మాట, రేపటి మాట అన్నీ ఈ రేకు తయారయ్యాక చెప్పిన మాటలే. భుజాల మీద ఎక్కించుకుని తిప్పిన మనిషి, తన పుట్టింటి మూతతోనే తన గాలికి సమాధి కట్టాడు.

"ఎందుకు మూస్తివి?" అంది. గొంతు ఆమెకే కొత్తగా వినపడింది.

"పోతాదని పిల్లా... ముందర ఎదురుగాలి అడ్డం ఉంటాది, వెనక దారి ఉంటే అది నీకాడికే వచ్చేస్తాది కదా. పోతే మళ్ళీ ముల్లు ఎక్కతాది. ఏడేళ్ళ పని..." సుబ్రమణియన్ కళ్ళు నిజంగానే తడిశాయి. "ఎగిరినాక విప్పేస్తా. మీ అమ్మ ఒట్టు, మా అక్క ఒట్టు."

ఆ ఇద్దరూ ఒకరే, కర్పగం తల్లి. కంగారులో ఆయన ఏం అంటున్నాడో ఆయనకే తెలియలేదు.

"మరలు తిప్పేది యాడుండాది?"

ఆయన ఇవ్వలేదు. ఆమే ఆయన కొత్త ప్యాంటు జేబులోంచి లాక్కుంది. ఆయన ఆమె మణికట్టు పట్టుకున్నాడు. కర్పగం ఆ చేతి వైపు చూసింది. కత్తెర కాట్లూ వెల్డింగ్ మచ్చలూ నిండిన చెయ్యి. చిన్నప్పుడు మిరపమంట తగిలితే మజ్జిగలో ముంచి ఊదిన చెయ్యి. ఆమె చూస్తూనే ఉంది. కాసేపటికి ఆ వేళ్ళు వాటంతట అవే వదులయ్యాయి.

"ఉండనీ సుబ్బు" అన్నాడు ఆనంద్‌కుమార్ పక్కన నిలబడి. "ఎట్టాగూ నూట పదిలో నేను లేపను."

ఆరు మరలు విప్పింది. రేకు కింద పడింది. లోపల నుంచి వేడిగా, ఆయిల్ వాసనతో, గాలి బయటికి వచ్చింది. కర్పగం చేతులు చాపింది. "రా తల్లీ."

అది రాలేదు. ఆమె కొంగు కూడా కదపలేదు. ఆమెని చుట్టుకుని పక్క నుంచి, నేల మీద ఈడ్చుకుంటూ, గోదాము ముందు రాలిన పత్తి పింజలు రెండు లేపి, బీడు దాటి పోయింది. కర్పగానికి అప్పుడు ఏడుపొచ్చింది. మూసింది ఆయనే కావచ్చు. బతిమాలి లోపలికి పంపింది మాత్రం తనే. రేపు వస్తానని చెప్పి రానిది తనే. దాని లెక్కలో ఇద్దరిదీ ఒకే ద్రోహం.

మూత తీసుకుని, పైట చెంగులో చుట్టుకుని, మొగుడి వైపు చూడకుండా రోడ్డు మీదికి నడిచింది. బస్సు కోసం నిలబడి ఉండగా వెనక ఇంజన్ మోత మొదలైంది. ఐదు నిమిషాలు, పది, పావుగంట. ఆగలేదు. వెనక దారి తెరుచుకుంది కాబట్టి ఇక ఏ దారిన పోయే గాలైనా ఆ సందులో దూరి, పని చేసి, వెళ్ళిపోతుంది. ఆమె ముందే చెప్పిన మాట అది. విమానానికి ఆమె పిల్లగాలి అవసరం ఏనాడూ లేదు.

బస్సులో కిటికీ సీటు దొరికింది. ఆమె అలవాటుగా ఇవతలి సీట్లో కూర్చుని కిటికీ సీటు వదిలేసింది.

"పక్కన ఎవరన్నా ఉన్నారా?" అని కండక్టరు తమిళంలో అడిగాడు.

"లేరు" అంది.

సాత్తూరు దాటేదాకా ఆ సీటు వైపు చూడలేకపోయింది.

ఇంటికి వచ్చి మూతకున్న రంగుని రాయితో గీకింది. పేరు కనపడేదాకా గీకి, కోసినందున సరిపడకపోయినా డబ్బా మీదే పెట్టింది. ఉత్త డబ్బా. సుబ్బులక్ష్మి అన్నీ చూస్తూ కూర్చుంది. జరిగింది చెప్పమని అడగలేదు, కర్పగమే చెప్పింది. విన్నాక ముసలామె, "నా కడుపున పుట్టినోడేదా" అంది. అందులో తిట్టు ఎంతో, బాధ ఎంతో చెప్పడం కష్టం.

ఆరయింది. సుబ్బులక్ష్మి దీపం ముట్టించింది. వెనక తలుపు కేక గొంతు దాకా వచ్చి అక్కడే ఆగింది. కర్పగం పెరటి తలుపు రెండు రెక్కలూ బార్లా తీసి, మూసుకోకుండా చెరో రాయీ పెడుతోంది. ఆ తర్వాత, మిగిలిన నూలు దారం జానెడు తెంపి పై కమ్మికి కట్టింది. దారం నిటారుగా వేలాడింది.

"లక్ష్మి పోతాదే పిల్లా" అంది ముసలామె మెల్లగా.

"పోయేదుంటే పోనీ అవ్వా. పోయే దారి లేనిచోటికి వచ్చేది కూడా రాదు."

అప్పుడే ఫోను మోగింది. సుబ్రమణియన్. ఎత్తకూడదనుకుంటూనే ఎత్తింది.

"పిల్లా... నువ్వు చెప్పినట్టేదా అయ్యె. వెనక తెరిస్తే తొంభై దాటలే. గంటసేపు తిప్పితిమి, తొంభై దాటలే." ఆయన ఊపిరి అందనట్టు మాట్లాడుతున్నాడు. "కానీ లేవడంలే పిల్లా."

ఆమె ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"నాలుగుతూర్లు కొసదాకా పరుగెత్తిస్తిమి. లేవలే. ఆనంద్ ఒక్కడే ఎక్కినప్పుడు లేచె, తాటిచెట్టంత ఎత్తు లేచె, కొంగలా పోయె. గోదాము వాచ్‌మన్‌ని ఎక్కించుకున్నా లేచె. నేను పక్కన కూర్చుంటే లేవడంలే. రెక్క కింద గాలి నిలవడంలే. పత్తి ఎగరతాండాది, జెండా ఆడతాండాది. నా చొక్కా ఆడటంలే పిల్లా. బీడు నడుమ నిలబడి ఉండాను, ఒక్క రవ్వ గాలి తగలడంలే నాకు. ఊపిరి నేనే లాక్కోవాల్సి వస్తాండాది."

ఏడేళ్ళు చేతులు కాల్చుకున్న మనిషి గొంతు అది. కర్పగానికి జాలి వేసింది, వేయలేదని అబద్ధం చెప్పకూడదు. చిన్నప్పటి భుజాలు గుర్తొచ్చాయి. నోటిదాకా ఏదో మాట వచ్చింది.

"పిల్లా, అది ఇంటికి వచ్చిందా? వచ్చుంటే ఒక్క మాట చెప్పు దానికి. నీ మాట వింటాది. ఒక్కతూరి..."

కమ్మికి కట్టిన దారం కొస కదిలింది. ముందు ఇటు, తర్వాత అటు. పెరటి గడప దగ్గర ఆయిల్ వాసన సన్నగా వచ్చింది. లోపలికి రావాలా వద్దా అన్నట్టు చాలాసేపు అక్కడే తచ్చాడి, దారాన్ని ఇంట్లోకి వంచుతూ, ఆమె మెడ వెనక్కి వచ్చి కూర్చుంది. ఇంకా కాస్త వెచ్చగానే ఉంది. దేవుడి గూట్లో దీపం ఒక్కసారి వీధివైపు వాలింది.

"వచ్చిందా?" అన్నాడు సుబ్రమణియన్.

"రాలే" అంది కర్పగం.

ఆ ఇంట్లో ఆమె మొగుడితో ఆడిన మొదటి అబద్ధం అది. సుబ్బులక్ష్మి కోడలి వైపు చూసింది, ఊగుతున్న దారం వైపు చూసింది, ఫోను వైపు చూసింది. ఆ తర్వాత, ఆరిపోకుండా దీపానికి చెయ్యి అడ్డం పెట్టింది.